ఆధారం ఎవరి చేతిలో ఉంది?

(విద్యాసంస్థల అంతర్గత ఫిర్యాదుల కమిటీలలో బయటి సభ్యులుగా పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

విశ్వవిద్యాలయం మీద ఒక స్త్రీ కేసు వేసినప్పుడు ఆ విశ్వవిద్యాలయం దగ్గరున్న ఈ-మెయిళ్ళు, కంప్యూటర్ ఫైళ్ళు ఎలా బయటికొస్తాయి, ఎలా రాకుండా పోతాయి అన్న విషయం మీద మాట్లాడతానని చెప్పినప్పుడు ఒక మిత్రురాలు నవ్వి, "అది లాయర్లూ కంప్యూటర్ వాళ్ళూ చూసుకునే పని కదా, అందులో మనం మాట్లాడుకోవడానికి ఏముంది?" అంది. ఆమెను తప్పుపట్టలేను. 2017 దాకా నేనూ అలాగే అనుకున్నాను.

2006 నుంచి 2021 వరకు నేను అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సోషియాలజీ బోధించాను. 2017లో ఒక రోజు ఉదయం విశ్వవిద్యాలయం న్యాయ విభాగం నుంచి నాకొక నోటీసు వచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేస్తున్న ఒక సహాధ్యాపకురాలు విశ్వవిద్యాలయం మీద కేసు వేసింది. ఆమెకు సంబంధించిన ఏ ఉత్తరాన్నీ, ఏ ఫైలునీ, ఫోనులోని ఏ సందేశాన్నీ నేను చెరపకూడదు. వ్యక్తిగత ఈ-మెయిల్ నుంచి రాసినవైనా సరే, పని గురించి రాసినవైతే అవీ దాచాలి. ఇదీ ఆ నోటీసు సారాంశం. అక్కడ దీన్ని 'లిటిగేషన్ హోల్డ్' అంటారు. కేసు తేలేదాకా ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఉంచమనే ఆదేశం అది.

అక్కడి పద్ధతి తెలియని వారి కోసం ఒక మాట. అమెరికా విశ్వవిద్యాలయాలలో అధ్యాపకులుగా చేరినవారికి సుమారు ఆరేళ్ళ తర్వాత 'టెన్యూర్' ఇస్తారు, లేదా పొమ్మంటారు. ఇస్తే ఉద్యోగం శాశ్వతం. ఇవ్వకపోతే ఏడాదిలోగా మూటాముల్లే సర్దుకోవాలి. నిర్ణయం తోటి అధ్యాపకుల కమిటీ దగ్గర మొదలవుతుంది. అక్కడి చర్చ రహస్యం, వోట్లు రహస్యం, బయటి నిపుణులు రాసే అభిప్రాయాలూ రహస్యమే. నా సహాధ్యాపకురాలికి టెన్యూర్ నిరాకరించారు. తనకు బిడ్డ పుట్టాక కమిటీ తనను చూసే చూపు మారిందని ఆమె ఆరోపణ. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. ఆమెకు అనుకూలంగానే వోటు వేశాను. కాబట్టి నాకేం భయం అనుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని నా పాత ఉత్తరాలు వెతికాను. 2015లో మా డిపార్ట్‌మెంట్ అధిపతికి నేను రాసిన నాలుగు వాక్యాలు కనిపించాయి. బిడ్డ మరీ చిన్నది, ఆవిడ బాగా అలసిపోయినట్టు కనిపిస్తోంది, ఈ ఏడాది ఆవిడ మీద కొత్త బాధ్యతలు పెట్టకుండా ఉంటే మంచిది అని రాశాను. ఆమె నన్ను అలా రాయమని అడగలేదు. నేనూ ఆమెను అడిగి రాయలేదు. తోటి స్త్రీ కష్టం తెలిసినదాన్ని కదా అని నాకు నేనే రాసేశాను. నా మాట ప్రకారం ఆ ఏడాది పరిశోధక విద్యార్థుల సెమినార్‌ను ఆమెకు ఇవ్వకుండా ఒక పురుష అధ్యాపకుడికిచ్చారు. రెండేళ్ళ తర్వాత కమిటీ ఆమె లోపాలు లెక్కపెట్టినప్పుడు, పరిశోధక విద్యార్థులకు తగినంతగా బోధించలేదన్నది అందులో ఒకటి.

మిత్రులారా, ఇరవై ఏళ్ళుగా పితృస్వామ్యం మీద పాఠాలు చెప్తున్న మనిషిని నేను. ఆ రాత్రి నా వేలు ఆ ఉత్తరాన్ని చెరిపే మీట మీద చాలాసేపు ఉంది. చివరికి చెరపలేదు. నిజాయితీతో ఆగిపోయానని చెప్పుకోవాలని ఉంటుంది కానీ అందులో భయం పాలు కూడా తక్కువేమీ కాదు.

కొన్ని నెలల తర్వాత ఆమె న్యాయవాది ఎదుట ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చినప్పుడు ఆ నాలుగు వాక్యాలూ నా చేతే చదివించారు. బల్లకు అవతలి వైపు ఆమె కూర్చుని ఉంది. ఆ ఉత్తరం ఆమె కేసుకు పనికొచ్చింది. ఆమె మాతృత్వం గురించి ఆమె వెనకాల చర్చ జరిగిందనడానికి, దాన్నిబట్టి ఆమెకు పని తగ్గించారనడానికి కాగితం మీదున్న ఒకే ఒక్క రుజువు అది. చివరికి ఇరుపక్షాలూ రాజీ చేసుకున్నాయి. ఆ షరతులు రహస్యం. మా స్నేహం మాత్రం మునుపటిలా లేదు. నేనది చెరిపేసి ఉంటే స్నేహం మిగిలేదేమో, ఆమెకు మాత్రం ఆధారం మిగిలేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సివిల్ దావాలో ఒక పక్షం తన కేసుకు అవసరమైన పత్రాలను ఎదుటి పక్షం దగ్గర నుంచి అడిగి తీసుకునే ప్రక్రియను 'డిస్కవరీ' అంటారు. ఆ పత్రాలు కంప్యూటర్లలో, సర్వర్లలో, ఫోన్లలో ఉంటే అది 'ఎలక్ట్రానిక్ డిస్కవరీ'. వినడానికి సాంకేతిక విషయంలా ఉంటుంది. కానీ కాస్త ఆలోచించండి. వివక్ష కేసుల్లో ఆధారం ఎప్పుడూ ఎవరి దగ్గర ఉంటుంది? వివక్షకు గురైన స్త్రీ దగ్గర ఉండేది ఆమె అనుభవం, ఆమె మాట. ఫైళ్ళు, హాజరు పట్టీలు, మినిట్స్, ఉత్తరాలు అన్నీ సంస్థ దగ్గరే ఉంటాయి. ఎవరి మీద ఫిర్యాదు చేసిందో వాళ్ళ బీరువాలోనే ఆమెకు కావలసిన రుజువు ఉంటుంది. ఆ బీరువా తెరవమని అడిగే హక్కు పేరే డిస్కవరీ. ఆ హక్కు లేకపోతే ఆమె మాటకూ సంస్థ మాటకూ మధ్య పోటీలో గెలిచేది ఎవరో మనకు తెలిసిందే.

ఈ హక్కు అమెరికా విశ్వవిద్యాలయాలలో తనంతట తాను రాలేదు. అక్కడి పౌరహక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించే భాగాన్ని 1972లోగానీ విద్యాసంస్థలకు వర్తింపజేయలేదు. ఆ తర్వాత కూడా కమిటీల రహస్యం అలాగే నిలిచింది. రోజలీ టంగ్ అనే చైనా సంతతి అధ్యాపకురాలు 1981లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన వార్టన్ స్కూల్‌లో చేరింది. 1985లో ఆమెకు టెన్యూర్ నిరాకరించారు. జాతి, లింగం, జన్మదేశం కారణంగా తనకు అన్యాయం జరిగిందని ఆమె సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. డిపార్ట్‌మెంట్ అధిపతి తనను లైంగికంగా వేధించాడనీ, తాను హద్దుల్లో ఉండమన్నాక తనకు వ్యతిరేకంగా రాశాడనీ అందులో ఆరోపించింది. కమిషన్ ఆమె ఫైలుతో పాటు, అదే కాలంలో టెన్యూర్ పొందిన అయిదుగురు పురుషుల ఫైళ్ళను కూడా అడిగింది. పోల్చి చూడకుండా వివక్ష ఎలా తేలుతుంది?

విశ్వవిద్యాలయం ఇవ్వనంది. కమిటీ ఉత్తరాలు బయటపడితే ఎవరూ మనసులో మాట రాయరనీ, విద్యా స్వేచ్ఛ దెబ్బతింటుందనీ వాదించింది. 1990 జనవరిలో అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆ వాదనను తోసిపుచ్చింది. వివక్ష ఆరోపణ వచ్చినప్పుడు ఆ ఫైళ్ళను దాచుకునే ప్రత్యేక హక్కు విశ్వవిద్యాలయానికి లేదంది. విద్యా స్వేచ్ఛ చాలా విలువైనదే. కానీ దాన్ని ఎవరి మీద, ఎవరి రక్షణకు ప్రయోగిస్తున్నారో చూడకుండా తల ఊపితే మనం మోసపోతాం.

అప్పటికి అవి కాగితపు ఫైళ్ళు. కంప్యూటర్ ఉత్తరాల విషయంలో దారి వేసింది కూడా ఒక స్త్రీ వేసిన లింగవివక్ష కేసే. లారా జుబులేక్ యూబీఎస్ అనే పెద్ద ఆర్థిక సంస్థలో షేర్ల అమ్మకాల విభాగంలో పనిచేసేది. పదోన్నతి విషయంలో తనకు అన్యాయం జరిగిందని 2001 ఆగస్టులో కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. అక్టోబరులో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. కేసు కోర్టుకు వెళ్ళాక సంస్థ సుమారు 100 పేజీల ఈ-మెయిళ్ళు ఇచ్చి, ఇంతే ఉన్నాయంది. కానీ ఆమె తన దగ్గర దాచుకున్నవే సుమారు 450 పేజీలు! సంస్థ చెప్పింది నిజం కాదని ఆమె చూపగలిగింది, ముందు జాగ్రత్తగా తన ప్రతులు తను దాచుకుంది కాబట్టి.

మిగిలిన ఉత్తరాలు బ్యాకప్ టేపుల్లో ఉన్నాయి, వాటిని తెరవడానికి చాలా ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఆమే భరించాలి అని సంస్థ వాదించింది. న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ముందు అయిదు టేపులు తెరిపించి చూసింది. కేసుకు సంబంధించినవి దొరికాయి. మిగిలిన టేపులు తెరిచే ఖర్చులో మూడు వంతులు సంస్థ, ఒక వంతు ఆమె భరించాలని 2003లో తీర్పు చెప్పింది. తర్వాత కొన్ని ఉత్తరాలను సంస్థ ఉద్యోగులు కేసు తెలిసిన తర్వాత కూడా చెరిపేశారని బయటపడింది. పోయిన ఉత్తరాలు సంస్థకు వ్యతిరేకంగానే ఉండేవని జ్యూరీ అనుకోవచ్చునని 2004లో ఆమె ఉత్తర్వు ఇచ్చింది. దాచమని ఒక నోటీసు పంపి చేతులు దులుపుకుంటే చాలదు, దాస్తున్నారో లేదో చూసే బాధ్యత న్యాయవాదులదేనని కూడా చెప్పింది. 2005లో జ్యూరీ జుబులేక్‌కు 2 కోట్ల 90 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలంది.

2006 డిసెంబరులో అమెరికా ఫెడరల్ సివిల్ నిబంధనలు మారి, ఎలక్ట్రానిక్ సమాచారం కూడా డిస్కవరీ కిందకు వస్తుందని స్పష్టంగా రాశారు. ఇవాళ ఆ దేశంలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ విషయం చదివేటప్పుడు ముందు చదివేది జుబులేక్ తీర్పులే. ఒక స్త్రీ పదోన్నతి కోసం చేసిన పోరాటంలోంచి ఈ నియమాలు వచ్చాయన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు.

వచ్చిన హక్కు వచ్చినట్టే ఉండిపోలేదు. 2015లో ఆ నిబంధనలు మళ్ళీ మారాయి. అడిగే పత్రాలు కేసు అవసరానికి తగిన మేరకే ఉండాలన్నారు. సంస్థ ఉత్తరాలను పోగొట్టినా, ఎదుటివారికి దక్కకూడదన్న ఉద్దేశంతోనే పోగొట్టిందని తేలితే తప్ప జ్యూరీకి అలాంటి సూచన ఇవ్వకూడదన్నారు. దుర్వినియోగం ఆపాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఎదుటివారి ఉద్దేశాన్ని రుజువు చేయమనడం ఎవరి నెత్తిన బరువు పెట్టడం? ఉద్దేశానికి ఆధారం కూడా వాళ్ళ బీరువాలోనే కదా ఉండేది!

ఇక ఇలాంటి అభ్యర్థన వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మొదట న్యాయ విభాగం ఎవరెవరి దగ్గర సమాచారం ఉండొచ్చో జాబితా రాస్తుంది. వాళ్ళందరికీ హోల్డ్ నోటీసు వెళ్తుంది. పాత ఉత్తరాలను గడువు తీరగానే వాటంతటవే తుడిచేసే ఏర్పాటు ఉంటే కంప్యూటర్ విభాగం దాన్ని ఆపాలి. తర్వాత ఆ పెట్టెలన్నిటికీ నకళ్ళు తీస్తారు. రెండు పక్షాల న్యాయవాదులూ ఏ పేర్లతో, ఏ మాటలతో, ఏ తేదీల మధ్య వెతకాలో బేరమాడుకుంటారు. దొరికిన వేల ఉత్తరాలను మనుషులు కూర్చుని చదివి, సంబంధం లేనివీ, న్యాయవాదితో జరిగిన రహస్య సంప్రదింపులూ పక్కనపెట్టి, మిగతావి ఎదుటి పక్షానికి ఇస్తారు.

ఈ వరసలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి మా డిపార్ట్‌మెంట్ కార్యదర్శి. ప్రొఫెసర్లం మాకు పది రోజుల గడువిచ్చారు. ఆమె గదికి మాత్రం మొదటి రోజే వచ్చారు. సమావేశాల తేదీలు, మినిట్స్ చిత్తు ప్రతులు, ఎవరు ఎవరి గురించి ఏమన్నారో అన్నీ ఆమె కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అధిపతి ఫోనులో చెప్పిన పనులకు ఆమె రాసుకున్న చీటీలు కూడా తీసుకున్నారు. నిజం చెప్తే పై అధికారికి కోపం, దాస్తే చట్టానికి కోపం. అందరిలోకీ తక్కువ జీతం ఆమెది, అందరికన్నా ఎక్కువ ఆధారాలకు కాపలా ఆమెదే. విశ్వవిద్యాలయం తరఫు న్యాయవాది విశ్వవిద్యాలయానికే న్యాయవాది, తనకు కాదు అన్న సంగతి కూడా ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మన ఆఫీసుల్లో గుమాస్తాగా, టైపిస్టుగా, కంప్యూటర్ ఆపరేటర్‌గా కాంట్రాక్టు మీద పనిచేసే ఆడపిల్లలను ఒకసారి తలుచుకోండి.

ఇంతవరకూ చెప్పింది ఒక వైపు. రెండో వైపు కూడా చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. బీరువా తలుపు తెరిచినప్పుడు మనకు కావలసిన కాగితం ఒక్కటే బయటికి రాదు.

ఆ నకళ్ళలో నాకు ఒక తెలుగు విద్యార్థిని రాసిన ఉత్తరం కూడా ఉంది. రోమన్ లిపిలో రాసిన తెలుగు. భర్త కొడుతున్నాడు, ఇక్కడ నాకెవరూ లేరు, ఫలానా మేడమ్‌కు చెప్పుకుంటే సాయం చేస్తారా అని అడిగింది. ఆ ఫలానా మేడమ్ కేసు వేసిన నా సహాధ్యాపకురాలే. ఆ పేరు ఉంది కాబట్టి వెతుకులాటలో ఈ ఉత్తరం కూడా పైకి తేలింది. చదివేవాళ్ళకు భాష అర్థం కాలేదు. ఏముందో చెప్పమని నన్నడిగారు.

విశ్వవిద్యాలయం దాన్ని విద్యార్థి రికార్డు కింద లెక్కవేసింది. విద్యార్థుల రికార్డులకు రక్షణ ఇచ్చే 1974 నాటి చట్టం ఒకటి అక్కడుంది. కోర్టు ప్రక్రియలో ఆ రికార్డు ఇవ్వాల్సి వస్తే ముందుగా ఆ విద్యార్థికి తెలియజేసే ప్రయత్నం చేయాలని అందులో ఉంది. మంచి నియమమే. అయితే తెలియజేసే ఉత్తరం ఇంటి చిరునామాకు వెళ్తుంది. ఆ ఇంట్లో ఉత్తరాలు ముందు విప్పేది భర్త! రక్షణ కోసం పెట్టిన నియమమే ఆమెను నేరుగా అతని చేతిలో పెట్టేదన్నమాట. నేను న్యాయ విభాగానికి పరుగెత్తాను. అక్కడ పనిచేసే ఒక సహాయకురాలికి రెండు వాక్యాలలోనే అర్థమైంది. ఉత్తరం ఆపించి, ఆ అమ్మాయిని క్యాంపస్‌లోనే పిలిచి మాట్లాడేలా చేసింది. చివరికి ఆ ఉత్తరం కేసుకు సంబంధం లేనిదని తేల్చి పక్కన పెట్టారు.

ఆ రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసి అన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంది. "మీకు చెప్తే మీ దగ్గరే ఉంటుందనుకున్నాను మేడమ్." నేనూ అలాగే అనుకున్నానని ఆమెకు చెప్పలేకపోయాను.

పరిశోధకులుగా మనం 'మీ పేరు బయటికి రాదు' అని ఎంత తేలిగ్గా మాటిస్తాం! బోస్టన్ కాలేజీలో ఉత్తర ఐర్లండ్ సాయుధ సంఘర్షణలో పాల్గొన్నవారి జ్ఞాపకాలను, వారు బతికుండగా బయటపెట్టబోమన్న హామీతో రికార్డు చేశారు. బ్రిటిష్ అధికారుల కోరిక మీద అమెరికా ప్రభుత్వం 2011లో ఆ టేపులు అడిగింది. అది నేర పరిశోధన, సివిల్ డిస్కవరీ కాదు. అయినా పాఠం ఒకటే. 2012లో అప్పీలు కోర్టు పరిశోధకుల అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. 2013లో ఇవ్వాల్సిన వాటి సంఖ్యను బాగా తగ్గించింది కానీ, ఇవ్వక తప్పలేదు. చట్టం అండ లేని మాట మన మంచితనానికి గుర్తే తప్ప, అవతలి మనిషికి రక్షణ కాదు.

ఇదంతా అమెరికా సంగతి కదా అంటారేమో. 2013 నాటి మన లైంగిక వేధింపుల నిరోధక చట్టం 11వ సెక్షన్ తీసి చూడండి. విచారణ సమయంలో అంతర్గత కమిటీకి సివిల్ కోర్టుకుండే కొన్ని అధికారాలిచ్చారు. మనుషులను పిలిపించి ప్రమాణం మీద విచారించడం ఒకటి. పత్రాల డిస్కవరీ, దాఖలు కోరడం రెండోది. అవును, నేనింతసేపు చెప్పిన ఆ మాటే అక్కడుంది! 1997 నాటి విశాఖ తీర్పు నుంచి ఈ చట్టం దాకా స్త్రీలు పదహారేళ్ళు పోరాడి తెచ్చుకున్న అధికారం అది. విద్యాసంస్థలకు యూజీసీ ప్రత్యేక నిబంధనలు కూడా ఇచ్చింది. ఆ కమిటీలలో స్వచ్ఛంద సంస్థల తరఫున బయటి సభ్యులుగా కూర్చునేది మీరే. మీలో ఎంతమంది ఆ అధికారాన్ని వాడి విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రానికి ఒక ఉత్తరం రాశారు? నేను తిరిగొచ్చాక రెండు కమిటీలలో పనిచేశాను. మొదటి కమిటీలో నాకే ఆ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. అడిగే సరికి కారిడార్ కెమెరా రికార్డు మీద కొత్త రికార్డు ఎక్కిపోయింది. ఎవరూ చెరపనక్కర్లేదు మిత్రులారా, ఊరుకుంటే చాలు, అదే చెరిగిపోతుంది.

అందుకని అనుభవంతో కొన్ని మాటలు చెప్తాను.

ఫిర్యాదు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని విచారణ తేదీ వేయడం కాదు. రిజిస్ట్రార్‌కు, కంప్యూటర్ కేంద్రానికి, భద్రతా విభాగానికి అదే రోజు లిఖితపూర్వకంగా రాయాలి. ఫలానా తేదీల మధ్య ఈ-మెయిళ్ళు, కెమెరా రికార్డులు, హాజరు వివరాలు, ఫైళ్ళు చెరపకుండా దాచమనాలి. చేరినట్టు సంతకం తీసుకోవాలి. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్ళ చేతికే ఆ దాచే పని అప్పగించకుండా చూడాలి. ఫిర్యాదిదారు పేరు మాత్రం ఆ ఉత్తరంలో అనవసరంగా రాయొద్దు. ఆమె గుర్తింపును రహస్యంగా ఉంచాలని అదే చట్టం 16వ సెక్షన్ చెబుతోంది.

ఫిర్యాదు చేసే స్త్రీకి, ఫోను మార్చవద్దని, సందేశాలు చెరపవద్దని మొదటి రోజే చెప్పండి. అసహ్యం వేసి చెరిపేస్తారు. ఆ అసహ్యం సహజం. తెర ఫోటోలు తీసుకోవచ్చు కానీ అవి మాత్రమే చాలవు. 2020లో మన సుప్రీం కోర్టు, కంప్యూటర్ రికార్డు నకలును కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే ధ్రువపత్రం తప్పనిసరి అంది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యమిస్తే అది అక్కర్లేదంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఆ ధ్రువపత్రం రెండు భాగాలుగా ఉంది, రెండోది నిపుణుడు ఇవ్వాలి. మన కమిటీ కోర్టు కాదు. కానీ మన నివేదిక రేపు కోర్టు దాకా వెళ్తుంది. అప్పుడు ఆ ఫోను ఆమె చేతిలో ఉండాలి.

అడిగేటప్పుడు హద్దు గీసి అడగండి. ఏ తేదీలు, ఎవరి మధ్య, ఏ విషయం. మొత్తం పెట్టె తెమ్మంటే అందులో ఇంకో ఆడపిల్ల కన్నీళ్ళు కూడా వస్తాయి. సంబంధం లేని పేర్లు కొట్టేశాకే ఎదుటివారికి చూపండి. కానీ, నిందితుడికి వ్యతిరేకంగా వాడే కాగితం అతనికి చూపకుండా తీర్పు చెప్పకండి. గోవా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కేసులో కమిటీ హడావుడిగా విచారణ ముగించి, అతనికి తన వాదన చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని 2023 మేలో సుప్రీం కోర్టు ఆ చర్యను రద్దు చేసింది. 2009లో మొదలైన వ్యవహారం మళ్ళీ వెనక్కి వెళ్ళింది. మన తొందరపాటుకు మూల్యం చెల్లించేది ఫిర్యాదు చేసిన స్త్రీలే.

చివరగా మన సొంత కేంద్రాల సంగతి. మన దగ్గరికి వచ్చిన స్త్రీల కథలు మన రిజిస్టర్లలో, ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎంత విచ్చలవిడిగా ఉన్నాయో ఒకసారి చూసుకుందాం. అవసరమైనంతే రాసుకుందాం. ఎంతకాలం ఉంచుతామో ముందే నిర్ణయించుకుని, ఆ నియమాన్ని అన్ని కేసులకూ ఒకేలా పాటిద్దాం. కేసు వస్తుందని తెలిశాక మాత్రం ఏదీ చెరపకూడదు. అది మనకు అనుకూలమైనా, ప్రతికూలమైనా. 'ఎవరికీ చెప్పను' అనకుండా, 'నా చేతనైనంతవరకు దాస్తాను, కోర్టు అడిగితే ముందు నీకు చెప్తాను' అందాం. అది చిన్న మాటే. కానీ నిలబెట్టుకోగల మాట.

ఆనాడు నా వేలు ఆ మీట మీద ఆగినప్పుడు నేను సంస్థకూ చెందిన మనిషినే, ఆమెకూ చెందిన మనిషినే. మనలో చాలామంది పరిస్థితి ఇదే. కమిటీలో కూర్చున్నాక మనకు కూడా ఒక బీరువా ఉంటుంది, తాళం మన చేతికొస్తుంది. స్త్రీలమైనంత మాత్రాన ఆ తాళం న్యాయంగానే తిరుగుతుందన్న హామీ లేదు. ఆధారం ఎవరి చేతిలో ఉందని ఎదుటివారిని అడిగే ముందు, మన చేతిలో ఏముందో చూసుకుందాం. ఆ తర్వాత గట్టిగా అడుగుదాం. మొదటి రోజే అడుగుదాం, కాగితం మీద అడుగుదాం.